అడ్డం లేని వేషం

దివిసీమలో నాగాయలంకకు కాస్త ఎగువన, కాలవగట్టు పక్కన మా ఊరు. ఊరంటే ఊరు వేరు, దానికి దక్షిణంగా మా పేట వేరు. మా తాతల కాలంలో పేటంతా క్రైస్తవంలో కలిసింది. మా నాన్న బందరు మిషను బడిలో చదువుకుని తిరిగొచ్చి, పేటలో మిషనువాళ్లు పెట్టిన చిన్న బడికి పంతులయ్యాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు. ఆదివారం వస్తే అదే మాకు గుడి. ఆ స్థలం మాత్రం ఊరి కామందుది. ఆయన తండ్రి ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిన చోటు.

ఏటా కుప్పనూర్పిళ్లు అయ్యాక మా ఊరికి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. కొన్నాళ్లపాటు ఊళ్లోనే మకాం పెట్టి, రోజుకొక వేషం కట్టి వీధులన్నీ తిరిగి, చివరి రోజున ఇంటింటికీ వెళ్లి గింజలో పాతబట్టలో పుచ్చుకుని పై ఊరికి సాగిపోయేవాళ్లు. వాళ్లలో ఒకతనుండేవాడు. బక్కమనిషి, దారిలో ఎదురొస్తే గుర్తుపెట్టుకోలేని ముఖం. కానీ ఎవరినైనా ఒక పూట గమనించాడంటే మర్నాడు ఆ మనిషే నడిచొచ్చినట్టు ఉండేది. వైద్యుడి వేషం కడితే రోగి చెయ్యి పట్టుకునే ముందు వాళ్ల పెరట్లో గేదె పాలిస్తోందా అని చూసేవాడు. కరణం వేషం కడితే పొలం కొలిచే గొలుసు బీదవాడి చేలో కుంచించుకుపోయేది, మోతుబరి చేలో సాగిపోయేది. అసలు కరణంగారు అరుగు మీద కూచుని అదంతా చూసి, నవ్వలేక నవ్వి, తాంబూలమిచ్చి పంపించేవారు. వేషగాడు ఏమన్నా కోపం తెచ్చుకోకూడదని ఊళ్లో మర్యాద. కోపం వచ్చినవాడు ఇంటికెళ్లి తలుపేసుకోవాలే గాని పైకి అనకూడదు.

నాకు అక్షరాలు వచ్చిన కొత్తలో ఒక ఏడు అతను మా నాన్న వేషం కట్టాడు.

పంచె మీద పాత కోటు, చంకలో నల్లట్ట పుస్తకం, చేతిలో గొడుగు. "సహోదరులారా, దేవుని యెదుట మనుష్యులందరును సమానులు" అని గ్రాంథికంలో మొదలుపెట్టి, ఊరి నడివీధిలోకి రాగానే వంగి చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడు. వీధి దాటాక మళ్లీ తొడుక్కుని, "హెచ్చుతగ్గులు లేనేలేవు" అనేవాడు. ఇంకో పెద్ద ఇల్లు ఎదురయ్యేది. మళ్లీ చెప్పులు చేతిలోకి వచ్చేవి. మాటల్లో సమానత్వం ఎంత ఎత్తుకు వెళ్తే నడుం అంత కిందికి వంగేది. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. కామందుగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి, కండువాతో కళ్లొత్తుకున్నారు.

మా నాన్న నిజంగానే ఆ వీధిలో చెప్పులు విడిచి నడిచేవాడు. పేటవాళ్లందరూ అంతే. విడవకుండా నడిచే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి రాజేయలేదు. గుమ్మంలో కూచుని, ఆ వేషగాడి నోరు పడిపోవాలని తిట్టింది. నాన్న ఆఖరికి, అతను అబద్ధం చెప్పలేదు కదా అన్నాడు. నేను చెప్పే మాటా నిజమే, నేను చేసే పనీ నిజమే, రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు, అంతే కదా అన్నాడు.

"చూపించింది ఎవరికండీ?" అంది అమ్మ. "చెప్పులు విడిపించినవాళ్లకే చూపించాడు. వాళ్లే నవ్వారు. మీరు వంగినందుకు నవ్వారు గాని, వంచినందుకు ఒక్కడు సిగ్గుపడ్డాడా?"

దానికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ వేషం చురక నాన్నకా, నాన్నను వంచినవాళ్లకా అని ఎన్నోసార్లు ఆలోచించాను. వేషగాడి మనసులో ఏముందో తెలియదు. తగిలింది మాత్రం మాకే. ఊరి పిల్లలు నాన్న కనపడితే చాలు, వంగి, లేని చెప్పులు విడిచినట్టు నటించి పారిపోయేవాళ్లు. అది నెలల తరబడి సాగింది. నాన్న చెప్పులు వేసుకోవడమే మానేశాడు. కాలవగట్టు తుమ్మముళ్లలో కూడా ఒట్టి కాళ్లతోనే తిరిగేవాడు. ఊరి మర్యాద ప్రకారం మాకు కోపం రాలేదు.

తర్వాత నేను బందరు ఆడపిల్లల హాస్టల్లో చేరి, ట్రైనింగు స్కూలు దాకా వెళ్లాను. ఉప్పు సత్యాగ్రహం నడిచి చల్లారిన రోజులు. మా కామందుగారు అప్పుడు ఖద్దరు కట్టారు. అవనిగడ్డలో సభలకు వెళ్లి అధ్యక్షత వహించేవారు. కలెక్టరు దొర కాలవల తనిఖీకి వస్తే మాత్రం ఆ ఖద్దరు పెట్టెలోకి పోయి, జరీ తలపాగా, పొడుగు కోటు బయటికి వచ్చేవి. దొర మెడలో మొదటి దండ ఆయనే వేసేవారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ఎవరి ఇంట్లో వాళ్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

ఆ ఏడు నాకు చలిజ్వరం పట్టుకుని వదలకపోతే హాస్టలు నుంచి ఇంటికి పంపేశారు. అప్పుడే వేషగాళ్లు వచ్చారు. అతనికి అర్ధనారీశ్వర వేషంలో మంచి పేరుండేది. ఒంటికి సగం శివుడు, సగం పార్వతి. మధ్యగా చిన్న తెర పట్టుకుని అటు తిరిగితే శివుడు మాట్లాడేవాడు, ఇటు తిరిగితే పార్వతి పాడేది. ఆ రోజు కూడా అదే వేషమనుకుని జనం పోగయ్యారు. అతను తెర పట్టుకుని కామందుగారి అరుగు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒకవైపు ఖద్దరు చొక్కా, తెల్లటోపీ. రెండోవైపు కోటు, జరీ తలపాగాలో సగం. ఇటు తిరిగి స్వరాజ్యం వచ్చేదాకా నిద్రపోనన్నాడు. అటు తిరిగి దొరవారికి నిద్ర బాగా పట్టిందా అని అడిగాడు. ఇటు జైలుకు సిద్ధమన్నాడు. అటు జైలు తాళాలు మావాళ్ల చేతిలోనే ఉన్నాయన్నాడు. చివర్లో రెండు సగాలూ ఒకదాన్నొకటి చూసుకుని, "ఎవరండీ తమరు? ఎక్కడో చూసినట్టుంది" అనుకున్నాయి.

జనం నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. ముందుగా నవ్వు వినిపించింది జనంలోంచి కాదు, కామందుగారి ఇంట్లోంచి. తలుపు వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత వీధంతా నవ్వింది. పురోహితుడుగారైతే స్తంభం పట్టుకుని నవ్వారు. కామందుగారు లేచి లోపలికి వెళ్లారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మనుషులు అతన్ని కాలవగట్టు మీద పట్టుకున్నారు. నాగాయలంక నుంచి నడిచొస్తున్న నాన్న అది కళ్లారా చూశాడు. కర్రలతో కొట్టి, కుడి మణికట్టు రాతి మీద పెట్టి విరగ్గొట్టారట. నాన్న అరుచుకుంటూ వెళ్లేసరికి వదిలేసి పోయారు.

సాయంత్రానికి ఊళ్లో మాట మారిపోయింది. కామందుగారిని వెక్కిరించినందుకు కొట్టారని ఎవరూ అనలేదు. దేవుడి వేషాన్ని అపవిత్రం చేశాడన్నారు. ఆ మాట మొదట అన్నది పురోహితుడుగారే. కామందుగారు చావడి దగ్గర నలుగురిలో నిలబడి, "నన్నంటే నేను పడతాను, ఎన్నేళ్లుగా పడటం లేదు? దేవుణ్ణంటే ఊరు పడదు" అన్నారట. విన్నవాళ్లంతా తలలూపారు. ముందురోజు నవ్వినవాళ్లే వాళ్లంతా. నవ్వామన్న భయం కొద్దీ ఇంకా గట్టిగా ఊపి ఉంటారు.

అతని జట్టువాళ్లు పొద్దు గుంకకముందే పడవెక్కి వెళ్లిపోయారు. ఊళ్లో ఎవరూ అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. నాన్న అతన్ని నడిపించుకొచ్చి బడి వసారాలో పడుకోబెట్టాడు.

"ఇతన్నా?" అంది అమ్మ. నాన్న అవునన్నాడు. ఆమె గుడ్డలు చింపి, తాటిబద్దలు పెట్టి చెయ్యి కట్టింది. తర్వాత గంజి కాచి తెచ్చింది. మా ఇంటి గిన్నె చూసి అతను ఒక్క క్షణం తటపటాయించాడు. చెయ్యి విరిగి, ఒళ్లంతా వాచి పడుకున్న మనిషికి అప్పుడు కూడా అది గుర్తొచ్చింది. అమ్మ అది చూసింది. చూసి, గిన్నె అక్కడ పెట్టి వచ్చేసింది. కాసేపటికి అతను తాగాడు.

"పంతులుగారూ, నేను మీ వేషం కట్టినవాణ్ణి" అన్నాడు నాన్నతో.

"తెలుసండి. చెయ్యి కదపకండి" అన్నాడు నాన్న.

చెయ్యి వాపు తగ్గాక అతను తాలూకా కచేరీలో ఫిర్యాదు ఇచ్చాడు. అవతలివాళ్లు మతాన్ని అవమానించాడని ఇతని మీద ఇంకొకటి ఇచ్చారు. కొట్టడం చూశానని చెప్పేవాడు ఊరు మొత్తం మీద ఒక్కడూ దొరకలేదు, మా నాన్న తప్ప. వెళ్లొద్దని అమ్మ కాళ్లావేళ్లా పడింది.

"నన్నన్నప్పుడు వేషగాడికి ఏమన్నా అనే హక్కుందన్నారు. అందుకే నేను నోరు మూసుకున్నాను" అన్నాడు నాన్న. "కామందుగారిని అనేసరికి ఆ హక్కు ఎక్కడికి పోయింది? ఉంటే అందరి మీదా ఉండాలి."

"ఉండాలో లేదో తేల్చేది మనమా? ఆ స్థలం ఎవరిదో మరిచిపోయారా?"

నాన్న మరిచిపోలేదు. అయినా వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అవతలి వకీలు, మీరు క్రైస్తవులు కదా, మా దేవుడికి అవమానం జరిగిందో లేదో మీకెలా తెలుస్తుందని అడిగాడు. నాన్నకు అలాంటి చోట మాట్లాడటం అలవాటు లేదు. ముందు దగ్గు వచ్చింది. తర్వాత, "అవమానం సంగతి నాకు తెలియదండి. చెయ్యి విరగ్గొట్టడం చూశానండి" అన్నాడు. ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే చెప్పాడు. కచేరీలో కొందరు ముసిముసిగా నవ్వారు. చివరికి ఒక్క సాక్షి మాట చాలదని కొట్టినవాళ్లను వదిలేశారు. వేషగాడి చేత మాత్రం ఏడాదిపాటు తాలూకాలో వేషం కట్టనని పూచీకత్తు రాయించుకున్నారు. గొడవలు రాకుండా ఉండటానికట.

ఆ తర్వాత వారం తిరక్కుండా కామందుగారు తన స్థలం తనకు కావాలన్నారు. బడి తాటాకు విప్పి, దూలాలు ఊడదీసి పక్కన పెట్టారు. మట్టిగోడలు మొదటి వానకు జారిపోయాయి. బందరు నుంచి మిషను దొర నాన్నను పిలిపించుకున్నాడు. మనం వచ్చింది బోధించడానికి, హిందువుల తగాదాల్లో పక్షం వహించడానికి కాదని మెత్తగానే చెప్పి, హంసలదీవి దగ్గర ఒక చేపల పల్లెకు బదిలీ చేశాడు. సముద్రపు గాలి, మడ అడవి, ఉప్పునేల. అక్కడ బడి పేరుకే. పోటు వచ్చిందంటే పిల్లలంతా వలల దగ్గరే ఉండేవాళ్లు.

మేం సామాను పడవలో వేసుకుంటుంటే పేటవాళ్లు గట్టు మీదికి వచ్చారు గాని, ఎవరూ మూట అందుకోలేదు. నాన్న దగ్గర చదువుకుంటున్న ఒక పిల్లవాడి నాయనమ్మ, "ఊరివాళ్ల వేషగాడు మనకేమవుతాడయ్యా? వాడి కోసం మా పిల్లల బడి కూలగొట్టావు" అంది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. అందుకే ఆ మాట నాన్నకు లోతుగా దిగింది. ఆ పిల్లలు మళ్లీ గొడ్లకాపలాకు వెళ్లారు. వాళ్లలో ఒకరిద్దరు నిజంగా బాగా చదివేవాళ్లు.

ఏడాది గడిచింది. మా అమ్మమ్మ పేటలోనే ఉండిపోవడంతో ఆమెను చూడటానికి నేనూ అమ్మా మళ్లీ ఆ ఊరు వెళ్లాం. వెళ్లేసరికి వేషగాళ్లు వచ్చి ఉన్నారు. అతను కామందుగారి కాళ్ల మీద పడ్డాడనీ, ఆయన పెద్దమనసుతో క్షమించారనీ అమ్మమ్మ చెప్పింది. ఇవాళ కొత్త వేషం కడతాడట అంది. అమ్మ ఇల్లు కదల్లేదు. నేను వెళ్లాను.

కొత్త వేషం పేరు సాక్షి వేషం.

అదే కోటు, అదే నల్లట్ట పుస్తకం. కుడిచెయ్యి సరిగ్గా తిరగదు కాబట్టి పుస్తకం ఎడంచేత్తో పట్టుకున్నాడు. ముందు దగ్గాడు. ఆ దగ్గు వినగానే నాన్న ఇక్కడికెలా వచ్చాడా అని ఒక్కసారి తల తిప్పి చూశాను. రెండో వేషగాడు వకీలై ప్రశ్నలు వేశాడు. ఏం చూశావంటే, "చూడమన్నది చూశానండి" అన్నాడు. ఎవరు చూడమన్నారంటే, పుస్తకం ముద్దుపెట్టుకుని పైకి చూపించాడు. ఎక్కణ్ణుంచి చూశావంటే, "బందరు నుంచి చూశానండి" అన్నాడు. ఒక్కో ప్రశ్నకూ నాన్నలాగే దగ్గి, నాన్నలాగే మెడ కాస్త పక్కకు వంచి, "చూశానండి" అనేవాడు. జనం కడుపులు పట్టుకున్నారు. కామందుగారు అందరికంటే పెద్దగా నవ్వి, తన భుజం మీది శాలువా తీసి అతనికి కప్పారు. వీధి చివర దూరంగా నిలబడి చూస్తున్న మా పేటవాళ్లలో కూడా కొందరు నవ్వారు. బడి పోయిన కసి అనుకున్నాను. కసి కూడా కాదేమో. అతను అంత బాగా కట్టాడు.

అతను రంగు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి వెళ్తే వెనకే వెళ్లాను. నన్ను చూసి గుర్తుపట్టి, మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ముఖం మీద సగం రంగు ఇంకా అలాగే ఉంది.

"మా నాన్న మీకేం చేశాడండీ?" అన్నాను. ఇంకేవేవో అడగాలనుకుని వచ్చాను. అదొక్కటే నోటికొచ్చింది.

"మంచి చేశారు. అది తెలియక కాదు" అన్నాడు.

"మరి?"

"కరణంగారి వేషం వద్దన్నారు. పురోహితుడుగారిది వద్దన్నారు. వైద్యుడుగారిని కూడా అనొద్దన్నారు. దేవుడి వేషాల జోలికి వెళ్తే రెండో చెయ్యి కూడా ఉండదు. ఈ తాలూకాలో నాకు అడ్డం లేని వేషం అదొక్కటే మిగిలింది, అమ్మాయిగారూ. మీ నాన్నగారి తరఫున కర్ర పట్టుకుని వచ్చేవాళ్లు ఎవరూ లేరు."

"అయితే వేషం మానెయ్యొచ్చు కదా."

"ఏడాది మానేశాను కదా. ఆ ఏడాదిలోనే మా చిన్నపిల్ల పోయింది."

అతను అది జాలి కోసం చెప్పినట్టు లేదు. వంగి నీళ్లు ముఖాన కొట్టుకున్నాడు. నేను అక్కడ నిలబడి అతన్ని అసహ్యించుకోవాలని ప్రయత్నించాను. ఆ పని చేతకాలేదు. పోనీ క్షమిద్దామంటే, చెవిలో ఇంకా ఆ దగ్గు వినిపిస్తోంది. మళ్లీ కట్టకండి అన్నాను. అతను మిగిలిన రంగు తుడుచుకున్నాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నింట్లో కట్టాడని విన్నాను.

నాన్నకు చెప్పొద్దని అమ్మా నేనూ అనుకున్నాం. కానీ అలాంటి కబురు పడవల మీద మనకంటే ముందే వెళ్తుంది. మేం వెళ్లేసరికే నాన్నకు తెలుసు. భోజనం అయ్యాక, బాగా కట్టాడా అని నన్నడిగాడు. అచ్చం మీలాగే ఉందన్నాను.

"జనం నవ్వారా?"

"నవ్వారు."

"మన పేటవాళ్లు?"

నేను కంచాలు తీయడంలో పడ్డాను. నాన్న లేచి వసారాలోకి వెళ్లి, మడచెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. మొదటి వేషానికి ఆయన అంతగా నలిగిపోలేదు. బడి పోయినప్పుడు కూడా ఏదో ఒకనాటికి జనం గ్రహిస్తారనే ధీమా ఉండేది. ఆ రోజుతో అది పోయింది. అమ్మ కాసేపటికి వెళ్లి పక్కన నిలబడింది. సాధింపుగా కాదు గాని, తెలుసుకోవాలనే అడిగింది.

"మళ్లీ అలాంటిది జరిగితే, వెళ్లి చెబుతారా?"

నాన్న ఆమె వైపు తిరిగాడు.

"చెప్పను" అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ ఉప్పుగాలికి ఛాతీ పాడై, యుద్ధం మొదలైన కొత్తలో పోయాడు. సమాధి దగ్గర చదివిన మాటల్లో ఆయన సాక్ష్యం ఊసు లేదు. ఎవరికీ అది చెప్పుకోదగ్గ సంగతిగా తోచలేదు.

నేను గుడివాడలో ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. మా బడి పక్కనే పఠనమందిరం ఒకటుండేది. పేపర్లు వచ్చే వేళకు అక్కడ గట్టిగా వాదనలు జరిగేవి. మనిషికి నోరున్నది మాట్లాడటానికే, దాన్ని ఎవరూ కట్టెయ్యకూడదని ఒకాయన అనేవాడు. ఇంకొకరి మనసు నొప్పించే హక్కు ఎవరికుందని మరొకాయన అనేవాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరివీ మంచి మాటలే. కిటికీ ఇవతల కాపీలు దిద్దుకుంటూ నేను వినేదాన్ని. నొప్పించడం తప్పని మొదటి వేషం నాడే ఒక కట్టడి ఉండి ఉంటే మా నాన్న చెప్పులతో తిరిగేవాడు. కానీ ఆ కట్టడి ఎవరి చేతిలో ఉండేది? కామందుగారి చేతిలోనే ఉండేది. అందరూ అన్నీ అనొచ్చని అంటే, అందరినీ అనగలిగిన రోజు మా ఊళ్లో ఒక్కటే వచ్చింది, మర్నాటికల్లా ఆ చెయ్యి విరిగింది. ఎటు నుంచి మొదలుపెట్టినా నా ఆలోచన మా పేట గట్టు దగ్గరికే వచ్చి ఆగిపోతుంది. దారి కనపడదు.

ఒకరోజు బడికి వెళ్తుంటే గుడివాడ సంతలో అతను కనిపించాడు. చిలకలపూడి గిల్టు గాజులు, దుద్దులు బుట్టలో పెట్టుకుని అమ్ముతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ముందు నన్నే గుర్తుపట్టి, "అమ్మాయిగారూ, నాన్నగారు కులాసాయేనా?" అని అడిగాడు. పోయారని చెప్పాను. ఎప్పుడని అడిగాడు. అదీ చెప్పాను. వేషాలు మానేశారా అంటే, టాకీలు వచ్చాక ఎవరు చూస్తున్నారండీ అన్నాడు. ఇంతలో ఎవరో ఆవిడ గాజులు బేరమాడటానికి వచ్చింది. అతను ఎడంచేత్తో గాజులు ఏరి చూపిస్తూ ఆమెతో మాట్లాడుతున్నాడు. బడి గంట వినిపించింది. నేను వెళ్తున్నానని కూడా చెప్పకుండా వచ్చేశాను.